సౌదీ ప్రపంచకప్ పత్రాల్లో రాయచోటి మేస్త్రీకి చోటెక్కడ?

2024 డిసెంబరు 11న ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫిఫా ప్రత్యేక మహాసభ ఆన్‌లైన్‌లో జరిగింది. 2030 ప్రపంచకప్ ఎవరికివ్వాలి, 2034 ప్రపంచకప్ ఎవరికివ్వాలి అనే రెండు విషయాలనూ ఒకే తీర్మానంలో కట్టేశారు. బ్యాలెట్ లేదు, ఓట్ల లెక్కింపు లేదు. ఎవరి దేశంలో వాళ్లు కూర్చున్న సభ్య సంఘాల ప్రతినిధులను కెమెరాకు కనబడేలా చప్పట్లు కొట్టమన్నారు. కొట్టారు. దాంతో 2034 పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచకప్ సౌదీ అరేబియాకు ఖాయమైపోయింది. ఈ పద్ధతి తమకు సమ్మతం కాదని నార్వే ఫుట్‌బాల్ సంఘం రాతపూర్వకంగా చెప్పింది. ఫలితం మాత్రం మారలేదు.

ఉమ్మడి కడప జిల్లాలో ఈ వార్తను క్రీడల పేజీలో చదివి పక్కన పెట్టినవాళ్లే ఎక్కువ. మనకు ఆటంటే క్రికెట్టే. కానీ రాయచోటి, రాజంపేట, సుండుపల్లె, చిట్వేలు, పుల్లంపేట వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి వెతికినా దొరకదు. మనవాళ్లలో ఎక్కువమంది పోయేది కువైట్‌కు. ఆడవాళ్లు ఇంటిపనికి, మగవాళ్లు హౌస్ డ్రైవర్లుగా పోతారు. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, కరెంటు పని చేతిలో ఉన్నవాళ్లు ఖతార్‌కు, సౌదీకి కూడా పోతున్నారు. ఒక దేశం ప్రపంచకప్ తెచ్చుకుందంటే రాబోయే పదేళ్లు అక్కడ కాంక్రీటు పని ఆగదు. ఆ పనికి మనుషులు కావాలి. ఆ పిలుపు మన బస్టాండు పక్కన ట్రావెల్స్ ఆఫీసు దాకా వస్తుంది. అందుకే ఒక దేశం ప్రపంచకప్‌ను ఎలా తెచ్చుకుంటుంది, అందుకోసం ఏం రాసిస్తుంది, ఆ రాతలో పనివాడికి దక్కేదెంత అన్నది మనం తెలుసుకోవాల్సిన సంగతి.

ముందుగా, పోటీలో సౌదీ ఒక్కటే ఎలా మిగిలిందో చూద్దాం.

2023 అక్టోబరు 4న ఫిఫా కౌన్సిల్ 2030 టోర్నమెంటు గురించి ఒక నిర్ణయం తీసుకుంది. మొరాకో, స్పెయిన్, పోర్చుగల్ కలిసి నడుపుతాయి. తొలి ప్రపంచకప్ జరిగి వందేళ్లు అవుతున్నందుకు గుర్తుగా ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేలలో ఒక్కో మ్యాచ్ జరుగుతుంది. అంటే ఒక్క టోర్నమెంటుతో ఆఫ్రికా, యూరప్, దక్షిణ అమెరికా మూడింటి వంతూ అయిపోయింది. 2026 కప్పు ఎలాగూ ఉత్తర అమెరికాది. ఒకసారి ఇచ్చిన ఖండానికి వెంటనే మళ్లీ ఇవ్వకూడదన్న పద్ధతి ఉంది కాబట్టి 2034కు ఆసియా, ఓషియానియా మాత్రమే మిగిలాయి. ఆసక్తి ఉన్న దేశాలు అక్టోబరు 31లోగా చెప్పాలన్నారు. నాలుగు వారాలు కూడా నిండని గడువు. సౌదీ అదే రోజు ముందుకొచ్చింది, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య వెంటనే మద్దతు పలికింది. ఆస్ట్రేలియాతో కలిసి అడుగుదామా అని ఆలోచించిన ఇండోనేషియా సౌదీ వైపు మొగ్గింది. గడువు చివరి రోజున ఆస్ట్రేలియా తప్పుకుంది.

ఇంకో సడలింపు కూడా జరిగింది. 2030కి కనీసం 14 స్టేడియాలు చూపించాలి, వాటిలో 7 అప్పటికే ఉన్నవై ఉండాలని నిబంధన. 2034కు వచ్చేసరికి ఆ 7 కాస్తా 4 అయింది. సౌదీ తన ప్రతిపాదనలో ఇప్పటికే ఉన్నవని చూపించిన స్టేడియాలు సరిగ్గా 4. సౌదీకే ఇస్తామని ఏ కాగితంలోనూ లేదు. కానీ ఈ నిర్ణయాలన్నీ వరుసగా పేర్చి చూస్తే ఇంకో దేశం లోపలికి రావడానికి సందు మిగల్లేదు. ఇది పోటీ అని నేను ఒప్పుకోను.

ఇంతకుముందు పద్ధతి బాగుండేదా అంటే అదీ లేదు. 2013కు ముందు ఆతిథ్య దేశాన్ని తేల్చేది ఫిఫా కార్యవర్గం, అంటే రెండు డజన్ల మంది. 2000 జూలైలో 2006 కప్పుకు ఓటింగ్ జరిగితే జర్మనీకి 12, దక్షిణాఫ్రికాకు 11 ఓట్లు పడ్డాయి. దక్షిణాఫ్రికాకు వేయాల్సిన న్యూజీలాండ్ ప్రతినిధి చార్లెస్ డెంప్సీ చివరి రౌండులో ఎవరికీ వేయకుండా ఉండిపోయాడు. ఒక్క మనిషి ఓటు మానుకుంటే ఒక ఖండం నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది. 2010 డిసెంబరు 2న 22 మంది ఒకే రోజు రెండు కప్పులు పంచారు. 2018ది రష్యాకు, 2022ది ఖతార్‌కు. ఆఖరి రౌండులో ఖతార్‌కు 14, అమెరికాకు 8. మరో ఇద్దరు సభ్యులు ఓటు అమ్ముకోబోయారన్న ఆరోపణలు వచ్చి అప్పటికే సస్పెండై ఉన్నారు. 2015 మేలో జ్యూరిక్ హోటల్లో ఫిఫా పెద్దలను పోలీసులు అరెస్టు చేశారు. 1998, 2010 కప్పుల ఎంపిక విషయంలో లంచాలకు ఒప్పుకున్నానని మాజీ కార్యవర్గ సభ్యుడు చక్ బ్లేజర్ అమెరికా కోర్టులో అంగీకరించాడు.

2010 ఎంపిక మీద దుమారం రేగాక, 2013లోనే ఎంపిక అధికారాన్ని మహాసభకు మార్చారు, దేశానికొక ఓటు. ఆ పద్ధతిలో నిజంగా పోటీ జరిగింది 2018 జూన్ 13న మాస్కోలో. 2026 కోసం అమెరికా, కెనడా, మెక్సికో ఉమ్మడి ప్రతిపాదనకు 134, మొరాకోకు 65 ఓట్లు వచ్చాయి. ఆ తర్వాత 2030, 2034 రెండూ చప్పట్లతో తేలిపోయాయి. ఓటు హక్కు 22 మంది చేతుల్లోంచి 211 సంఘాలకు వచ్చింది. తీరా ఓటు వేసే అవసరమే రాకుండా పోయింది.

ఇప్పుడు అసలు కాగితాల్లోకి వద్దాం. ఆతిథ్య ప్రతిపాదన అనగానే స్టేడియాల రంగురంగుల బొమ్మలు గుర్తొస్తాయి. వాటి వెనక ఉండే ఒప్పందాల కట్ట చాలా మందం. ఫిఫాతో ఆతిథ్య ఒప్పందం, ఆతిథ్య నగరాల ఒప్పందాలు, స్టేడియాలవి, విమానాశ్రయాలవి, ప్రాక్టీసు మైదానాలవి. వీటన్నిటికంటే బరువైనవి ప్రభుత్వ హామీలు. వచ్చేవాళ్లకు వీసాలిస్తాం, ఫిఫాకు, దాని అనుబంధ సంస్థలకు పన్ను మినహాయింపులిస్తాం, డబ్బు బయటికి తీసుకెళ్లడానికి అడ్డు చెప్పం, భద్రత ఖర్చు మేమే పెట్టుకుంటాం, ఫిఫా వ్యాపార హక్కులను కాపాడతాం అని దేశ ప్రభుత్వమే సంతకం పెట్టాలి. ఈ హామీలు ఫుట్‌బాల్ సంఘం ఇచ్చేవి కావు. సర్కారు కదలకపోతే ప్రతిపాదనే లేదు.

డబ్బు పంపకం చూస్తే ఎవరికేం దక్కుతుందో తెలుస్తుంది. టీవీ హక్కులు, స్పాన్సర్లు, టికెట్ల రాబడి ప్రధానంగా ఫిఫాది. 2019 నుంచి 2022 వరకు, ఖతార్ కప్పుతో ముగిసిన నాలుగేళ్లలో, ఫిఫా ఆదాయం దాదాపు 757 కోట్ల డాలర్లు. స్టేడియాలు, రోడ్లు, మెట్రో కట్టే ఖర్చు ఆతిథ్య దేశానిది. 2018 పోటీలో ఫిఫా మదింపు బృందం ఉత్తర అమెరికా ప్రతిపాదనకు 5కు 4, మొరాకోకు 2.7 మార్కులు వేసింది. మొరాకో చూపించిన స్టేడియాల్లో కొన్ని కొత్తగా కట్టాలి, మిగతావి బాగుచేయాలి. పైగా ఫిఫాకు అమెరికా కూటమి చూపించిన లాభం 1,100 కోట్ల డాలర్లు, మొరాకో చూపించింది 500 కోట్లు. ఓట్లు ఎటు పడ్డాయో పైన చెప్పాను.

ఇది భరించలేమని వెనక్కి తగ్గిన దేశాలూ ఉన్నాయి. 1986 కప్పు మొదట కొలంబియాది. 1974లోనే ఇచ్చారు. 1982 అక్టోబరులో ఆ దేశాధ్యక్షుడు బెలిసారియో బెతాన్కుర్ మాకు ఇక్కడ చేయాల్సిన పనులు వేరే చాలా ఉన్నాయని చెప్పి వదులుకున్నాడు, అది మెక్సికోకు పోయింది. పట్టుబట్టి కట్టిన బ్రెజిల్‌లో 2014 తర్వాత మనౌస్ నగరంలోని 44 వేల సీట్ల స్టేడియానికి ఆడే పెద్ద జట్టు లేదు. బ్రెజీలియా స్టేడియం ఆవరణను బస్సులు నిలపడానికి వాడుకున్నారు.

మన దేశం కూడా ఈ కథలో ఉంది. 2027 ఆసియా కప్ ఫుట్‌బాల్ కోసం భారత్, సౌదీ, ఖతార్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ పోటీపడ్డాయి. చివరికి మిగిలింది భారత్, సౌదీ. 2022 ఆగస్టులో బయటివాళ్ల జోక్యం పేరుతో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసి పదకొండు రోజులకు ఎత్తేసింది. ఆ డిసెంబరులో కళ్యాణ్ చౌబే అధ్యక్షతన కొత్త కార్యవర్గం తన ప్రతిపాదనను ఉపసంహరించుకుంది. పెద్ద టోర్నమెంట్లు నడపడం ఇప్పుడు మా ప్రాధాన్యం కాదు, కింది స్థాయిలో ఆటను పెంచాలన్నది వాళ్లు చెప్పిన కారణం. 2023 ఫిబ్రవరి 1న మనామాలో 2027 కప్పు సౌదీకి దక్కింది. నన్నడిగితే ఆ ఉపసంహరణ సరైనదే. 2017లో అండర్-17 ప్రపంచకప్ మన దగ్గరే జరిగితే 13 లక్షల 47 వేల మంది స్టేడియాలకు వచ్చారు, అది ఆ టోర్నమెంటు చరిత్రలోనే రికార్డు. అయినా ఆ జనం మన లీగుల్లోకి, మన బడి మైదానాల్లోకి రాలేదు. ఇంత జరిగాక 2031 ఆసియా కప్ అడిగిన దేశాల్లో మళ్లీ భారత్ పేరు కనిపించింది.

సరే, మనం స్టేడియాలు కట్టలేదు. కానీ మనవాళ్లు కట్టారు, కడుతున్నారు, ఇంకా కట్టబోతున్నారు.

సౌదీ ప్రతిపాదన పుస్తకంలో 5 నగరాలు, 15 స్టేడియాలు ఉన్నాయి. రియాద్‌లో 8, జెడ్డాలో 4, అల్ ఖోబర్, అబహా, కొత్తగా కడుతున్న నియోమ్ నగరాల్లో ఒక్కోటి. 4 ఉన్నవాటికి మరమ్మతు, 3 కడుతున్నవి, 8 ఇంకా మొదలుపెట్టాల్సినవి. నియోమ్‌లోదైతే నేల నుంచి 350 మీటర్ల ఎత్తున కడతామన్నారు. వీటికి తోడు హోటళ్లు, మెట్రో లైన్లు, విమానాశ్రయాలు. 48 జట్ల టోర్నమెంటును ఒక్క దేశమే నడపడం అంటే ఇంత పని. 2024 నవంబరు చివర్లో ఫిఫా మదింపు నివేదిక వచ్చింది. 500కు 419.8 మార్కులు. మానవ హక్కుల విషయంలో ప్రమాదం 'మధ్యస్థం' అని తేల్చింది.

ఆ 'మధ్యస్థం' ఎలా వచ్చిందో చూడాలి. 2017లో ఫిఫా మానవ హక్కుల విధానం రాసుకుంది. ఆతిథ్యం అడిగే దేశం తన పరిస్థితిపై స్వతంత్ర పరిశీలన చేయించి జతచేయాలి. సౌదీ విషయంలో ఆ పని ఒక అంతర్జాతీయ న్యాయసంస్థకు అనుబంధంగా రియాద్‌లో ఉన్న సంస్థ చేసింది. ఏయే అంశాలు చూడాలన్నది ముందే కుదించుకున్నారని, వలస కార్మికులతో నేరుగా మాట్లాడినట్టు అందులో కనబడదని హక్కుల సంఘాలు గట్టిగా విమర్శించాయి. సౌదీలో కార్మిక సంఘాలు పెట్టుకోవడం నిషేధం. సంఘమే లేని చోట కార్మికుడి తరఫున ఎవరిని అడిగి రాస్తారు? ప్రపంచకప్ ఎంపికలో 211 ఓట్లున్నాయి. అందులో స్టేడియం కట్టేవాడి ఓటు లేదు.

ఖతార్ అనుభవం చూస్తే ఇదంతా ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. కప్పు దక్కింది 2010లో. అప్పుడక్కడ కఫాలా పద్ధతి పూర్తిగా బిగిసి ఉంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకుండా పని మారలేరు, దేశం విడిచి రాలేరు. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు పెట్టారు. విచారణ సంఘం వేస్తారేమోనన్న ఒత్తిడి మూడేళ్లు నడిచింది. 2017 నవంబరులో ఖతార్ సంస్కరణలకు ఒప్పుకుంటే ఫిర్యాదు మూసేశారు. 2018లో దోహాలో ఆ సంస్థ ఆఫీసు తెరుచుకుంది. 2020లో యజమాని నిరభ్యంతర పత్రం లేకుండా పని మారే హక్కు వచ్చింది. 2021 మార్చిలో ఏ దేశస్థుడికైనా నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం, బస ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలని చట్టమైంది. అదే ఏడాది ఎండాకాలంలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా బయట పని ఆపాలన్నారు.

ఈ తేదీలను స్టేడియాల పక్కన పెట్టి చూడండి. మొదటి స్టేడియం 2017కే సిద్ధమైంది. మిగతావాటి ఇనుప పని, కాంక్రీటు పని చాలామటుకు 2020కే అయిపోయింది. మంచి చట్టాలు వచ్చేసరికి వాటి అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లు పని ముగించుకుని ఇంటికొచ్చేశారు, కొందరు పెట్టెల్లో వచ్చారు.

చావుల లెక్క గురించి ఒక మాట చెప్పాలి. 6,500 అనే అంకె వాట్సాప్‌లో బాగా తిరిగింది. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక రాసింది ఏమిటంటే, కప్పు దక్కిన తర్వాత పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయారని. అది అన్ని కారణాల, అన్ని వృత్తుల లెక్క. స్టేడియం సైట్లలో చనిపోయినవాళ్ల లెక్క కాదు. అటువైపు ఖతార్ నిర్వాహకులు స్టేడియం పనికి సంబంధించిన మరణాలు 3 మాత్రమే అన్నారు. తర్వాత టోర్నమెంటు నిర్వాహక ప్రముఖుడే ఒక టీవీ ఇంటర్వ్యూలో ప్రపంచకప్‌కు సంబంధించిన పనులన్నీ కలిపి 400 నుంచి 500 మధ్య ఉండొచ్చని అన్నాడు. ఇంత తేడా ఎందుకొచ్చింది? చాలా మరణ ధ్రువపత్రాల్లో రాసేది 'గుండె ఆగి సహజ మరణం' అనే ఒక్క ముక్క. ఎండలో పది గంటలు పనిచేసి రాత్రి గదిలో పడుకున్న ముప్పై ఏళ్లవాడు తెల్లారి లేవకపోతే అది సహజ మరణమే అవుతుంది. పోస్టుమార్టం ఉండదు.

ఆ ఒక్క ముక్క ఇక్కడ కుటుంబం మీద రెండు దెబ్బలు వేస్తుంది. పని వల్ల చనిపోలేదు కాబట్టి కంపెనీ నుంచి పరిహారం రాదు. మన కేంద్ర ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షలు వచ్చేది ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా వికలాంగులైతేనో. సహజ మరణమైతే అదీ రాదు. మిగిలేది వీసా కోసం చేసిన అప్పు.

సౌదీ ఇప్పుడు ఎక్కడుంది? 2021 మార్చి నుంచి, ఏడాది పనిచేసినవాళ్లు కఫీల్ అనుమతి లేకుండా వేరే కంపెనీకి మారవచ్చని, దేశం విడిచి వెళ్లే అనుమతిని ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చని మార్పు తెచ్చింది. మంచిదే. కానీ ఇంటిపనివాళ్లు, హౌస్ డ్రైవర్లు, తోటమాలీలు, గొర్రెలకాపర్లు ఆ మార్పు పరిధిలోకి రాలేదు. మన కడప వైపు నుంచి పోయేవాళ్లలో ఎక్కువమంది ఈ పనులవాళ్లే. ఖతార్‌లో ఉన్నట్టు విదేశీ కార్మికులకు కనీస వేతన చట్టం సౌదీలో లేదు. ఎండాకాలం విరామం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా మాత్రమే. 2024 జూన్‌లో భవన నిర్మాణ కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య, జీతాల బకాయిలు రాని 21 వేల మంది తరఫున సౌదీ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఫిర్యాదు చేసింది. 2025 మార్చిలో అల్ ఖోబర్ స్టేడియం సైట్‌లో ఒక పాకిస్తానీ కార్మికుడు ఎత్తు నుంచి పడి చనిపోయాడు. 2027 ఆసియా కప్‌కు, 2034 ప్రపంచకప్‌కు కూడా కడుతున్న స్టేడియం అది.

సుండుపల్లె వైపు ఒక రాడ్ బెండర్ తన ఫోన్‌లో దాచుకున్న కాంట్రాక్టు ఫొటో నాకు చూపించాడు. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క అరబ్బీ. అడుగున అతని వేలిముద్ర, పక్కనే వంకర సంతకం.

"అన్నా, ఏజెంటు పద్దెనిమిది నూర్లన్నాడు. కాగితంలో పన్నెండు నూర్లే ఉండాది. ఓవర్‌టైమ్ కలుపుకుంటే అంతొస్తాదిలే అన్నాడు."

"ఏ సైటో రాయలేదా?"

"కంపెనీ ఎక్కడ పంపితే అక్కడ. మా కంపెనీ మనుషుల్ని ఇంకో కంపెనీకి ఇస్తాది. ఆ కంపెనీకి పైన ఇంకోటుంటాది. ఏది ఎవరిదో మాకు తెలీదు."

ఈ చివరి మాట మీద ప్రపంచకప్ హామీలన్నీ ఆధారపడి ఉన్నాయి. ఖతార్‌లో టోర్నమెంటు నిర్వాహక కమిటీ పెట్టిన కార్మిక ప్రమాణాలు స్టేడియం సైట్లకే వర్తించాయి. అక్కడ బస బాగుండేది, ఆరోగ్య పరీక్షలు ఉండేవి, ఏజెంటుకు కట్టిన డబ్బులో కొంత వెనక్కి ఇప్పించారు కూడా. ఆ సైటు గేటు బయట రోడ్డు వేసేవాడికి, హోటల్ కట్టేవాడికి అవేవీ లేవు. ఒకే ఊరినుంచి ఒకే విమానంలో పోయిన ఇద్దరికి రెండు రకాల బతుకులు. కాంట్రాక్టులో సైటు పేరు లేనివాడు ఏ రకంలోకి వస్తాడో ముందుగా చెప్పే దారి లేదు. మూడో అంచె సబ్‌కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రపంచకప్ కమిటీని అడగడానికి అతని దగ్గర ఏ కాగితమూ ఉండదు.

ఇక్కడ ఢిల్లీ ఏమీ చేయలేదని అనుకోనక్కర్లేదు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కాంట్రాక్టు నమోదై అనుమతి రావాలి. ఏ దేశంలో ఏ పనికి కనీసం ఎంత జీతమైతే పంపాలో మన ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో కోవిడ్ సాకుతో ఆ కనీస జీతాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించేశారు. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. పార్లమెంటులోనూ అడిగారు. 2021 జూలైకల్లా పాత రేట్లు తిరిగి పెట్టారు. గల్ఫ్ జీతం ఢిల్లీ సర్క్యులర్‌తో తగ్గగలిగినప్పుడు, ఢిల్లీ సర్క్యులర్‌తో పెరగనూ గలదు.

15 స్టేడియాలకు మనుషులు కావాలంటే సౌదీకి భారత్ కావాలి. బేరమాడే బలం మనకు ఇప్పుడుంది, 2032లో ఉండదు. అప్పటికి పైకప్పులు వేయడం కూడా అయిపోతుంది. ప్రపంచకప్ పనులన్నిటికీ, స్టేడియం గేటు లోపలివైనా బయటివైనా, కనీస వేతనం పెట్టాలని అడగాలి. ఏ వయసువాడు నిద్రలో చనిపోయినా పోస్టుమార్టం చేసి అసలు కారణం రాయాలని అడగాలి. మన బీమా పథకాన్ని సహజ మరణాలకు కూడా విస్తరించడానికైతే సౌదీ ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు, మన విదేశాంగ శాఖ తలచుకుంటే చాలు. ఈ మూడింటి గురించి కడప, రాజంపేట ఎంపీలు పార్లమెంటులో ప్రశ్న వేయవచ్చు. ఇన్ని వేల కుటుంబాలు గల్ఫ్ డబ్బు మీద బతికే నియోజకవర్గాలు మరి.

ఇంటి నుంచి బయల్దేరేవాళ్లు కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరైనవాడేనా చూడండి. సర్వీసు చార్జీగా అతను తీసుకోగలిగింది 30 వేలు, దానిపై జీఎస్టీ మాత్రమే. లక్షన్నర అడిగితే అది చట్టవిరుద్ధం. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే నమ్మొద్దు. ఆజాద్ వీసా అంటే అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) ఒకరి పేరు మీద, పని ఇంకొకరి దగ్గర. ప్రమాదం జరిగితే ఇద్దరూ మనవాడు కాదంటారు. సంతకం పెట్టకముందే జీతం, తిండి అలవెన్సు, పని గంటలు, సైటు, అసలు కంపెనీ పేరు చదివించుకోవాలి. రాయచోటిలో, రాజంపేటలో ఆ చదివిపెట్టే మనిషి ప్రభుత్వం తరఫున ఉండాలి, కాంట్రాక్టు నకలు తెలుగులో చేతికివ్వాలి. జిల్లా కలెక్టరు తలపెడితే ఈ ఒక్క పనికి రియాద్ అనుమతీ, ఫిఫా అనుమతీ అక్కర్లేదు.